డఫ్ దొరగారి పాఠశాల

క్రైస్తవమతబోధకులనుగూర్చి మనవారిలో సాధారణముగా రెండు విధములైన తలంపులు గలవు. కొందఱు వారి పాఠశాలలలోఁ జదువుకొన్న కృతజ్ఞతచేత వారి దోషముల నెన్నుటకు వెఱతురు. మఱికొందఱు వారు చేసిన మతాంతరములను మాత్రమే తలంచుకొని వారి పరిశ్రమమును జూచుటకైన నొల్లరు. ఉభయపక్షముల సాక్ష్యమును విన్న పిమ్మటఁ గాని తీర్పు గోరరాదని మా వృత్తి మాకు నేర్పినది. కావున నొక బోధకుని చరిత్రమును రెండు వైపులనుండియుఁ జూచి యిచ్చట వ్రాయఁ బూనినాము. ఆ బోధకుఁడు స్కాట్లండు దేశీయులగు అలెగ్జాండరు డఫ్ గారు. వారి చరిత్రమునకును బ్రహ్మసమాజ చరిత్రమునకును గల సంబంధము సామాన్యమైనది కాదు. కలకత్తాలో వారు మొదటి పాఠము చెప్పిన యిల్లు బ్రహ్మసమాజము మొదట సమావేశమైన యిల్లే. ఆ యింటిని వారికిఁ గుదిర్చి యిచ్చినవారు రాజా రామమోహనరాయలవారే.

డఫ్ గారు 1806 వ సంవత్సరము ఏప్రిలు 25 వ తేదిని పెర్తుషైరులోని మూలిన్ అను గ్రామసీమయందు జన్మించిరి. తండ్రి తోటపనియు సేద్యమును జేసికొని బ్రదుకు సామాన్యగృహస్థుఁడు. కుమారుఁడు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమునఁ జేరి, థామస్ చామర్సు అను ప్రసిద్ధాచార్యునకు శిష్యుఁడై, దూరదేశములకుఁ బోయి బోధింపవలెనను సంకల్పము నచ్చటనే దృఢపఱచుకొనెను. స్కాట్లండు క్రైస్తవసంఘపు మహాసభవా రంతవఱకుఁ దమ పక్షమున హిందూదేశమునకు బోధకుని నెవ్వరినిఁ బంపియుండలేదు. వారు 1829 లో మొట్టమొదటఁ బంపినది ఇరువదిమూఁడేండ్ల యీ యువకునే.

నూతనవధువగు భార్యతోఁ గూడ డఫ్ గారు ఆ సంవత్సరము అక్టోబరులో లేడీ హాలండు అను నోడ నెక్కిరి. అప్పటికి సూయెజు కాలువ లేదు. ఓడలు ఆఫ్రికాఖండమును జుట్టి రావలసినదే. 1830 ఫిబ్రవరిలో గుడ్ హోపు అగ్రమునకు ఉత్తరమున నున్న డాసెన్ ద్వీపమువద్ద రాత్రివేళ ఆ యోడ బండలకుఁ దగిలి పగిలిపోయెను. ప్రాణహాని కలుగలేదు. కాని డఫ్ గారు కూర్చి తెచ్చుకొన్న ఎనిమిదివందలకుఁ బైఁబడిన గ్రంథములు సముద్రము పాలైపోయినవి. ఒడ్డునకుఁ గొట్టుకొని వచ్చినవి ఒక బైబిలును, ఒక కీర్తనల పుస్తకమును మాత్రమే. విద్యాధనము సర్వము పోయి యొక్క గ్రంథము మిగులుట ఈశ్వరుని హెచ్చరిక యని యాయన భావించిరి. అయినను విద్యను నిరాకరింపలేదు. ఆ యొక్క గ్రంథమునకు విద్య నంతటిని సేవకురాలిగాఁ జేయవలెనని నిశ్చయించుకొనిరి. వారి తరువాతి జీవితమంతయు నీ నిశ్చయమునకు వ్యాఖ్యానమే.

అచ్చటనుండి మొయిరా అను వేఱొక యోడలో రాఁగా, గంగాముఖమునఁ దుపాను పట్టి యదియు మెట్టఁ దాఁకెను. తడిసిన బట్టలతో నొడ్డుఁ జేరిన యా దంపతులకుఁ దల దాఁచుకొన దొరకిన తావు ఒక గ్రామదేవాలయము. విగ్రహారాధనమును నిర్మూలింప వచ్చిన బోధకునకు ఈ దేశమున మొదటి యాశ్రయ మిచ్చినది దేవళ మగుట చిత్రము గదా! 1830 మే 27 వ తేదిని వారు కలకత్తాఁ జేరిరి.

ఆ నగర మప్పుడు మిక్కిలి సంక్షుభితమై యుండెను. బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించి యాఱు మాసములైనను గాలేదు. ఆ శాసనమును రద్దు చేయింపఁ బూని సంప్రదాయపక్షమువారు ధర్మసభ నేర్పఱచుకొనిరి. హిందూకళాశాలలో డెరోజియో యను యువాధ్యాపకుని శిష్యులు వేదమనక, ఆచారమనక, సర్వమును బ్రశ్నించుచుండిరి. డఫ్ గారిని బంపిన సభవారు కలకత్తాలో మాత్రము పాఠశాల పెట్టవలదని చెప్పి పంపిరి. ఆయన యాఱు వారములు నగర మంతయుఁ దిరిగి, ఉన్న పాఠశాలలఁ జూచి, బోధకుల నడిగి, ఆ యుత్తరువును బాటింపరాదని తేల్చుకొనిరి. ఉన్నతకులముల బాలురకు ఇంగ్లీషుద్వారమున శాస్త్రము లన్నియు నేర్పవలెను. దానితోఁ బాటు బైబిలును బ్రతిదినమును జదివింపవలెను. జ్ఞానము ప్రవేశించినచోట హిందూమతము తనంతటఁ గూలుననియు, కూలినచోటఁ గ్రైస్తవమతము నిలుచుననియు వారి విశ్వాసము. ఈ యుద్దేశమును వా రెన్నఁడును దాఁచలేదు.

తోటి బోధకులలోఁ బెక్కండ్రకు ఈ మార్గము నచ్చలేదు. ఇంగ్లీషు నేర్చినవాఁడు కొలువు చూచుకొనునే గాని సత్యము నన్వేషింపఁ డని వారి వాదము. పాఠశాల తెఱచుటకు ముందటి సాయంకాలము సయిత మొక బోధకుఁడు వచ్చి ఈ పని మానుకొమ్మని బ్రతిమాలెను. శ్రీరామపురమున నున్న వృద్ధులగు విలియం కేరీ గారు మాత్ర మీ యువకుని మాట లాలించి మనఃపూర్వకముగా ఆశీర్వదించి పంపిరి. దేశభాషలకై జీవితము ధారవోసిన యా పండితుఁడే ఇంగ్లీషు విద్య నామోదించుట డఫ్ గారికి గొప్ప ధైర్య మిచ్చెను.

ఆశీర్వాదము లభించెను గాని యిల్లు లభింపలేదు. మతబోధకుని పాఠశాలకు హిందువుల వీథిలో ఇల్లు దొరకుట దుర్లభమయ్యెను. అప్పు డాయన రామమోహనరాయలవారి దర్శనమునకుఁ బోయిరి. రాయలవారు క్రీస్తు నీతిబోధలను సంకలనము చేసి 1820 లోఁ బ్రకటించి, ఆ కారణముచేతనే శ్రీరామపురపు బోధకులతోఁ దీవ్రమైన వాదము నడపినవారు. త్రిత్వసిద్ధాంతమును శాస్త్రప్రమాణములతో ఖండించినవారు. అట్టివారు తమ మతమును గూల్ప వచ్చితి నని బహిరంగముగాఁ జెప్పుకొను యువకునకు సాయపడుదురని యెవ్వ రనుకొందురు? కాని రాయలవా రాతని మాట సాంతముగా వినిరి. విద్య యంతయు భగవచ్చింతనతో నారంభము కావలె నను నంశమున నిరువురకు నైకమత్యము గుదిరెను. చిత్పూరు వీథిలో ఫిరంగి కమలబోసుగారి యింట 1828 మొదలు బ్రహ్మసమాజము ప్రార్థన సలుపుచుండెను. 1830 జనవరిలో సమాజము స్వంతమందిరమునకుఁ బోయినందున నా యిల్లు ఖాళీయయ్యెను. దానిని రాయలవారు తాము చెల్లించినదానికంటెఁ దక్కువ యద్దెకు డఫ్ గారికి ఇప్పించిరి. అంతటితో నూరకుండక, తమ మిత్రుల కుటుంబములనుండి యైదుగురు బాలురను మొదటి విద్యార్థులుగాఁ దెచ్చి యిచ్చిరి.

1830 జూలై 13 వ తేదిని పాఠశాల తెఱవఁబడెను. రాయలవారు స్వయముగా వచ్చి కూర్చుండిరి. డఫ్ గారు క్రీస్తు నేర్పిన ప్రార్థనను వంగభాషలోఁ జదివి, సువార్తప్రతులను బాలుర చేతికిచ్చి చదువు మనిరి. బాలురలో గుసగుస పుట్టెను. ఇది క్రైస్తవుల శాస్త్రము, మేము క్రైస్తవులము కాము, దీనిని జదివినచో మతము పోవునని వారి భయము. అంతట రాయలవారు లేచి, విల్సన్ పండితుఁడు హిందూశాస్త్రము లన్నియుఁ జదివియు హిందువు కాలేదనియు, తాము ఖురాను మాటిమాటికిఁ జదివియు మహమ్మదీయులు కాలేదనియు, బైబిలు సమగ్రముగాఁ జదివియుఁ గ్రైస్తవులు కాలేదనియు బోధించి, చదివి స్వబుద్ధితో విమర్శించుకొనుఁ డని ధైర్యము చెప్పిరి. బాలురు శాంతించి చదివిరి. అటుపిమ్మటఁ గొంతకాలము రాయలవారు ప్రతిదినము ఆ పాఠపువేళకు వచ్చి కూర్చుండి పిల్లల భయము వాపుచుండిరి. వారు బ్రహ్మధర్మమును గ్రంథములలోఁ బ్రతిపాదించినదానికంటె ఆ నెలదినములు ఆ బల్లపైఁ గూర్చుండి ప్రతిపాదించినది తక్కువ కాదని మా నమ్మకము. తన సత్యమునందు విశ్వాసము గలవాఁడు పరుల గ్రంథమునకు వెఱవఁడు.

వారము తిరుగకుండనే మున్నూరుమంది బాలురు చేర వచ్చిరి. ఇంటఁ బట్టునది యిన్నూట యేఁబదిమందికే. క్రమముగా వచ్చెదరని సంరక్షకులచేత వ్రాతపూర్వకముగా నొప్పుదల తీసికొని చేర్చుకొనిరి. ఇఁక డఫ్ గారి దినచర్యను జూడుఁడు. విశ్వవిద్యాలయమున బహుమానములు పొందిన యా పండితుఁడు, కలకత్తా వర్షకాలపు టుక్కలో, తగిన సహాయోపాధ్యాయులు లేక, పగ లంతయు నిలుచుండి బాలురకు ఇంగ్లీషు అక్షరములు దిద్దించుచుండిరి. సాయంకాలములు తాము వంగభాష నభ్యసించుచుండిరి. రాత్రులు దీపముముందఱఁ గూర్చుండి మఱునాఁటి తరగతులకుఁ గావలసిన వాచకములను స్వయముగా వ్రాయుచుండిరి. తోటి యాంగ్లేయులలోఁ గొంద ఱీ పని యొక బోధకుని గౌరవమునకుఁ దగదని తలంచిరి. ఆయన లెక్కచేయలేదు. పునాది తాను స్వయముగా వేయనిచోఁ బైకట్టడము నిలువదని వారికిఁ దెలియును.

పాఠము చెప్పు విధము సయితము నూతనమే. ఆ కాలపు వీథిబడులలో నర్థము తెలియకుండ వల్లించుటయే చదువు. డఫ్ గా రట్లు గాక, అక్షరములు రెండు నేర్పినతోడనే వానిని గూర్చి యెద్దు అను నర్థము గల యాంగ్లపదమును జేసి చూపి, ఆ యెద్దునుగూర్చి బాలురనే ప్రశ్నించి, అది యేమి తినును, ఎందుల కుపయోగించును అని వారి నోటనే చెప్పించుచుండిరి. తెలియనిదానిని జెప్పుటకంటె, బాలునకుఁ దెలిసినదాని నతనిచేతనే వెలికిఁ దీయించుట గొప్ప యని వారి సిద్ధాంతము.

ఒకనాఁడు వాన యెట్లు కురియునని యడుగఁగా, ఇంద్రుని యేనుఁగు తొండముతోఁ జిమ్మునని యొక బాలుఁడు తన గురువు చెప్పిన మాటఁ జెప్పెను. డఫ్ గారు పరిహసింపలేదు. ఇంట నన్నము వండునపు డేమి చూచితి రని యడిగిరి. నీరు కాఁగి యావిరి లేచుననియు, ఆ యావిరి మూఁతకుఁ దగిలి చల్లఁబడి బొట్లు బొట్లుగాఁ బడుననియు బాలురే చెప్పిరి. అట్లే సూర్యునివేఁడికి నీరు లేచి మేఘమై చల్లఁబడి వానయగు నను మాటయు వారినోటనే వచ్చెను. చెప్పినవెంటనే యొక బాలుఁడు, ఇది నిజమైనచో మన శాస్త్రము మాట యేమగునని వెఱపుతో నడిగెను. డఫ్ గారు కోరిన ప్రశ్న యదియే. తాను మతమునుగూర్చి యొక్కమాటయుఁ జెప్పకమునుపే, తల్లి వంటయింటి కుండలోనుండి ఆ ప్రశ్న పుట్టెను.

సంవత్సరము దాఁటినపిమ్మట నగరములోని ఫ్రీమేసనుల మందిరమున బహిరంగపరీక్ష జరపిరి. అంతకుముందు పరిహసించిన యాంగ్లేయులే బాలుర సమాధానములు విని యాశ్చర్యపడిరి. 1831 లో మాకే గారను సహాయబోధకుఁడు వచ్చి చేరెను. అటుతరువాత పైతరగతులు క్రమముగా వృద్ధియై, ఆ పాఠశాల కలకత్తాలోని ముఖ్యవిద్యాలయములలో నొకటి యయ్యెను. రాయలవా రీ వృద్ధినంతయుఁ జూడలేదు. వారు 1830 నవంబరులో ఇంగ్లండునకుఁ బ్రయాణమై, 1833 సెప్టెంబరు 27 వ తేదిని బ్రిస్టలునందు దివంగతులైరి.

ఇంతవఱకు డఫ్ గారి పక్షమున సాక్ష్యము. ఇఁక రెండవవైపు చూడవలెను. హిందూకళాశాల విద్యార్థులకై వారు పెట్టిన యుపన్యాసములు నగరములోఁ గలకలము పుట్టించినవి. 1832 లో కృష్ణమోహన బెనర్జీ గారు వారిచేత బాప్తిస్మము పొందిరి. బెనర్జీ గారు వయస్సు వచ్చినవారు, చదివినవారు, తెలిసి చేసినవారు. అందు మాకు విప్రతిపత్తి లేదు. విచారించి మతము మార్చుకొను హక్కు మనుష్యమాత్రునకుఁ గలదు. కాని యందఱి విషయము నట్టిది కాదు. డఫ్ గారు రోగపీడితులై 1834 లో స్వదేశమునకుఁ బోయి, 1839 లో హిందూదేశమునుగూర్చి యొక పెద్దగ్రంథమును బ్రకటించి, మఱుసటి సంవత్సరము తిరిగివచ్చిరి. ఆ గ్రంథములో వేదాంతమును నీతిశూన్యమైన సిద్ధాంత మన్నట్లు వర్ణించిరి. తన బైబిలును నిష్పక్షపాతముగాఁ జదువుఁ డని పిల్లల నడిగినవారు ఉపనిషత్తులను ఆ నిష్పక్షపాతముతోఁ జదువలేకపోయిరి. రాయలవారివద్దనుండి యిల్లు తీసికొన్నారు గాని, పరమతగ్రంథమును జూచు ఆ దృష్టిని మాత్రము తీసికొనలేదు. తత్త్వబోధినీ పత్రికవారు దీనికిఁ దగిన ప్రత్యుత్తర మిచ్చిరి.

1845 లో మఱియొక సంగతి జరిగెను. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు తమ స్వీయచరిత్రమున వ్రాసిన ప్రకారము, ఉమేశచంద్ర సర్కారను పదునాలుగేండ్ల బాలుఁడు పదునొకండేండ్ల తన భార్యతోఁ గూడ డఫ్ గారి యింటఁ జేరెను. బాలుని పక్షమువారు సుప్రీముకోర్టునకుఁ బోయిరి గాని ప్రయోజనము లేకపోయెను. దంపతులకు బాప్తిస్మ మియ్యఁబడెను. మే మీ విషయమున నొక్కమాట చెప్పెదము. పదునాలుగేండ్ల బాలుఁడు అరయెకరము భూమి విక్రయించినను ఆ విక్రయము నిలువదు. అట్టివాఁడు తల్లిని దండ్రిని కులమును విడుచు నొడంబడికను జేయఁగా, జ్ఞానియగు పండితుఁడు దాని నంగీకరింపవచ్చునా? ఇది డఫ్ గారి దోషమే. అయినను ఆ న్యాయమునే మనవైపునకుఁ ద్రిప్పి చూడుఁడు. ఆ బాలిక పదునొకండేండ్లకే యొకనికి భార్యయై యుండెను. ఆమె సమ్మతి నడిగిన పెద్ద యెవ్వఁడు? మతము మార్చుటకుఁ జాలని వయస్సు మంగళసూత్రము గట్టుటకుఁ జాలునని వాదించు వకీలు మాకుఁ గానరాఁడు.

ఆ సంగతి విని దేవేంద్రనాథులవారు నగరములోని యింటింటికిఁ దిరిగి, ప్రతిపక్షియగు రాధాకాంత దేవుగారిని సయితము గలిసికొని, సభ చేసి, యొక్కనాఁడే ముప్పదివేల రూపాయల చందా వ్రాయించిరి. ధర్మసభవారును బ్రహ్మసమాజమువారును అంతకుమున్ను ప్రతిపక్షులుగా నుండిరి. 1846 లో హిందూహితార్థి విద్యాలయము తెఱవఁబడి, భూదేవ ముఖోపాధ్యాయగారు ప్రధానోపాధ్యాయులైరి. కాని యా మూలధన ముంచిన వ్యాపారసంస్థ దివాలా తీయుటచే విద్యాలయము కొలఁదికాలమునకే మూఁతపడెను. కోపముతో నొకదినమునఁ గూర్చిన ముప్పదివేలు, ఓర్పుతో దినదినమును దిద్దించిన యక్షరములకు సాటిరాలేకపోయెను. ఇందుకు భిన్నమైన ఫలము గూడ నొకటి కలిగెను. వేదము నిర్దోషమా యను ప్రశ్నను వెలుపలనుండి డఫ్ గారివంటివారును, లోపలనుండి అక్షయకుమార దత్తుగారివంటివారును అడుగఁగా, దేవేంద్రనాథులవారు విద్యార్థులను కాశికిఁ బంపి పరిశోధింపఁజేసి, తుదకు గ్రంథప్రామాణ్యమును విడిచి ఆత్మసాక్షిని బ్రమాణముగాఁ గైకొనిరి. శత్రువు వేసిన ప్రశ్నయైనను సత్యమైనచో స్వీకరింపవలె ననుటకు ఇంతకంటె నుదాహరణ మేల?

డఫ్ గారి తరువాతి జీవితములో నొక్కటి చెప్పి ముగించెదము. 1843 లో స్కాట్లండు సంఘము రెండుగాఁ జీలెను. డఫ్ గారు తమ మనస్సాక్షి ననుసరించి స్వతంత్రసంఘములోఁ జేరిరి. తాము చెమటోడ్చి కట్టిన విద్యాలయము, పుస్తకములు, శాస్త్రపరికరములు సమస్తమును పాతసంఘమువారి స్వాధీనమున విడిచి, వేఱొకచోట మొదటినుండి యారంభించిరి. ఓడ పగిలి గ్రంథములు పోయినది దైవికము. ఇది స్వచ్ఛందము. అట్టి నిష్ఠను మెచ్చుకొనుటకు వారి మతమువారము కానక్కఱలేదు. 1857 లో నేర్పడిన కలకత్తా విశ్వవిద్యాలయపు తొలిదినములలోను వారు మిక్కిలి పాటుపడి, 1863 లో ఆరోగ్యము చెడి స్వదేశమునకుఁ బోయి, 1878 ఫిబ్రవరి 12 వ తేదిని పరమపదించిరి. చీలిన రెండు విద్యాలయములును 1908 లో మరల నేకమైనవి. ఆ కళాశాల కలకత్తానగరమున నేఁటికిని నడచుచున్నది.

డఫ్ గారి యుద్దేశము నెఱవేఱినదా? వారి పాఠశాలనుండి వచ్చిన వేలమందిలోఁ గ్రైస్తవులైనవారు కొలఁదిమందియే. వారు విడిచిపోయిన పాతవిద్యాలయముననే తరువాత నరేంద్రనాథ దత్తుగారు చదువుకొని వివేకానందస్వాములైరి. వారి మార్గము ననుసరించియే 1837 లో జాన్ ఆండర్సన్ గారు మదరాసున నొక పాఠశాల స్థాపింపఁగా, అది క్రమముగా మదరాసు క్రైస్తవకళాశాల యయ్యెను. ఆంధ్రదేశమున బ్రహ్మధర్మమును బోధించి, యెందఱి జీవితములనో దిద్దిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఆ కళాశాల విద్యార్థులే. బైబిలును జదివి, యుపనిషత్తులను జదివి, స్వబుద్ధితో విమర్శించుకొన్నవా రిట్లు బయలుదేఱిరి. మొదటిదినమున డఫ్ గారి తరగతిలో రాయలవారు చెప్పిన మాటయే చివరకు ఫలించినది.

కావున సోదరులారా, మతబోధకులను నిందించుటకు మున్ను మన మొక లెక్క వ్రాసికొనుట మంచిది. మన గ్రామమున నక్షరము రాని బాలబాలిక లెందఱు? వారికై మనము విడిచిన సాయంకాలము లెన్ని? మన పిల్లలు పరుల గ్రంథము చదువుదురేమో యని వెఱచుచున్నామా, చదివి విమర్శింపఁగల శక్తిని వారి కిచ్చుచున్నామా? డఫ్ గారి సిద్ధాంతము మనకు వలదు. కాని యా యుక్కలో నిలుచుండి యక్షరములు దిద్దించిన యోర్పు మనకుఁ గావలెను. రాయలవారివలెఁ బరుని కిల్లు చూపి, ఆతని ప్రక్కనే నిర్భయముగాఁ గూర్చుండు విశ్వాసము అంతకంటెను గావలెను.